ఋణము దీర్చుకొన్న గాయని

మానవుడు ఋణములతోడనే పుట్టునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణమును యజ్ఞముచేతను, పితృఋణమును సంతానముచేతను, ఋషిఋణమును అధ్యయనముచేతను తీర్చుకొనవలెనని శాస్త్రము. ఇందు మూడవది మన గృహములలో అంతగా తలపునకు రాదు. మనము చదువు పద్యమును, పాడు పాటను, వండు వంటను సైతము మనకు ముందెవరో కూర్చి, కాపాడి, మన చేతికిచ్చిరి. ఇచ్చినవారిలో పలువురి పేర్లు మనకు తెలియవు. తెలిసినను తలచుకొనువారు అరుదు.

పాటతో జీవనము సాగించువారికి ఈ ఋణము మరింత హెచ్చు. ఏలయన పెద్దలనుండి గ్రహించిన విద్యవలన వారికి ధనమును, కీర్తియు లభించును. నేర్పిన పెద్దలు మాత్రము ఒక్కొక్కప్పుడు పేదరికముననే కన్ను మూయుదురు. అమెరికా దేశమున బ్లూసు అను సంగీతము విషయమున ఈ అన్యాయము మిక్కిలిగా జరిగినది. ఆ సంగీతమును నేర్చి, దానిని రాక్ సంగీతముతో మేళవించి, పాడుటయే గాక పాటలు రచించియు పేరొందిన బానీ రెయిట్ అను వనిత చరిత్రమును మా సోదరీమణులకు తెలుపగోరుచున్నాము. ఆమె పొందిన బహుమతులు పెక్కులు. అయినను మేమీ వ్యాసమునకు బూనుకొనుట ఆ బహుమతులను లెక్కించుటకు గాదు. తన వృత్తి యెవరి శ్రమపై నిలిచినదో యెరిగి, వారికి చెల్లింపవలసినదానిని చెల్లింప యత్నించిన స్త్రీ గనుక ఆమెను గూర్చి వ్రాయుచున్నాము.

బ్లూసు అననేమి?

బ్లూసు అమెరికా దక్షిణ రాష్ట్రములందలి నల్లజాతివారి పాట. వీరి పూర్వులను ఆఫ్రికానుండి బానిసలుగా గొనివచ్చి ప్రత్తిచేలలో పని చేయించిరి. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, వీరిలో అనేకులు భూస్వాముల చేలను పాలునకు దున్నుచు, ఏ యేటి కాయేడు అప్పు తీరక, ఆ నేలనే కట్టుబడియుండిరి. మన పల్లెలలో ఊడ్పుపాటలును రోకటిపాటలును పుట్టినట్లే ఆ చేలలో పనిపాటలు పుట్టినవి. వారి ప్రార్థన మందిరములలో భక్తిగీతములు పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్ది ముగియు దినములలో వీనినుండి బ్లూసు రూపుదాల్చినది.

దీని కట్టడి చాల సులభము. చరణమునకు మూడు పంక్తులు. మొదటి పంక్తిని పాడి, రెండవమారు దానినే పాడి, మూడవ పంక్తిలో దానికి సమాధానమో, ఎత్తిపొడుపో, నిట్టూర్పో చెప్పుదురు. ఒక్కొక్క పంక్తికి నాలుగేసి చొప్పున చరణమంతటికి పండ్రెండు ఆవర్తములు. పంక్తి తుదిని కంఠము నిలువగానే గిటారు అందుకొని బదులు పలుకును. గాంధార నిషాదములను స్వస్థానమునుండి కొంచెము దించి, వంచి పాడుటలో ఆ పాట యొక్క దుఃఖమంతయు నున్నది. గమక మెరిగిన మనవారి చెవికి ఇది మరీ క్రొత్త గాదు. కొందరు సీసా మెడను కోసి వ్రేలికి తొడిగికొని తంత్రులపై జార్చుచు వాయింతురు. గోటువాద్యము విన్నవారు ఆ నాదమును సులభముగా ఊహింపగలరు.

మన పాఠకురాండ్రకు ఆశ్చర్యము గొలుపు సంగతి యొకటి గలదు. బ్లూసును గ్రామఫోను రికార్డులలోనికి మొదట తెచ్చినవారు స్త్రీలు. 1920వ సంవత్సరము ఆగస్టు మాసమున మేమీ స్మిత్ అను నల్లజాతి గాయని పాడిన పాట యొకటి విరివిగా అమ్ముడుపోగా, కంపెనీలవారు అట్టి గాయనులకై ఊరూర వెదకసాగిరి. మా రైనీ, బెస్సీ స్మిత్, సిప్పీ వాలెస్ మొదలగువారు అట్లు వెలుగులోనికి వచ్చిరి. వారి పాటలలో మగనిచే వంచితురాలైన యాలి కోపము, ఇల్లువిడిచి పనికై పోవు స్త్రీ దిగులు, పేదరికము, పరిహాసము అన్నియు గలవు.

అయినను లాభము వారిది గాదు. ఆ దినములలో పాడినవారి చేతిలో పాటకింతయని కొంత రొక్కము పెట్టి పంపివేయుట పరిపాటి. రికార్డు వేయి యమ్మినను, లక్ష యమ్మినను వారికి వచ్చునది మారదు. పాటపై హక్కు పలుమారులు ప్రకాశకుని పేరనో, కంపెనీ మనుష్యుని పేరనో నమోదయ్యెడిది. తరువాతి కాలమున ప్రతి రికార్డుపై కొంత భాగము, అనగా రాయల్టీ, ఇత్తుమని ఒడంబడికలు వ్రాసినను, స్టూడియో ఖర్చును, వాద్యకారుల కూలియు, ముందిచ్చిన బయానాయు అందుండియే కోసికొనుటవలన, గాయకుడు కంపెనీకి ఎల్లప్పుడు బాకీదారుగనే లెక్క తేలెడివాడు. పాలునకు దున్నినవాని లెక్కయు, రికార్డునకు పాడినదాని లెక్కయు ఒక్క తీరుగనే యుండెను.

1940వ దశకమున వేలాది నల్లజాతివారు పనులకై ఉత్తరదేశపు నగరములకు వలసపోగా, బ్లూసును వారి వెంట చికాగో మున్నగు పురములకు పోయి విద్యుత్ గిటారును చేబట్టినది. 1950వ దశకమున దానినుండియు, దానికి దగ్గరి చుట్టములైన ఇతర రీతులనుండియు రాక్ సంగీతము పుట్టినది. 1952లో బిగ్ మామా థార్న్‌టన్ అను గాయని పాడిన ‘హౌండ్ డాగ్’ అను పాటను 1956లో ఎల్విస్ ప్రెస్లీ అను తెల్లజాతి యువకుడు పాడి లోకప్రసిద్ధుడయ్యెను. మొదట పాడిన యామెకు ఆ పాటవలన దక్కినది మిక్కిలి స్వల్పము. ఇట్టి ఉదాహరణము లనేకములు గలవు.

బాల్యము, విద్య

బానీ రెయిట్ 1949వ సంవత్సరము నవంబరు 8వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి బర్బాంకు పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ రెయిట్ న్యూయార్కు నాటకరంగమున గానముచే పేరొందిన నటుడు. తల్లి పియానో వాయించు విద్వాంసురాలు. వారిది క్వేకరు కుటుంబము. శాంతిని, సమత్వమును పాటింపుమని బోధించు క్రైస్తవశాఖ యది. ఎనిమిదేండ్ల ప్రాయమున క్రిస్మసు పండుగకు తలిదండ్రు లామెకు స్టెల్లా అను చవుక రకపు గిటారు నిచ్చిరి. గురువు లేకయే ఆ బాలిక దానిపై చేయి తిప్పుట నేర్చుకొనెను. పదునాలుగవ యేట 1963 నాటి న్యూపోర్టు సంగీతోత్సవమందలి బ్లూసు పాటల రికార్డు ఆమె చెవిని బడెను. అందలి వృద్ధుల వాదనమును విని విని, రికార్డును మరల మరల త్రిప్పి, ఆ వ్రేళ్ల నడక తన వ్రేళ్లకు పట్టువరకు విడువలేదు.

సీసా మెడను ఏ వ్రేలికి తొడుగవలెనో చెప్పువారు లేక ఆమె నడిమి వ్రేలికి తొడిగికొనెను. అనేక వాద్యకారులు చిటికెన వ్రేలికిగాని ఉంగరపు వ్రేలికిగాని తొడుగుదురు. అలవాటైన పిదప ఆమె దానిని మార్చుకొనలేదు. నేటికిని అట్లే వాయించును.

1967లో ఆమె కేంబ్రిడ్జి పట్టణమందలి రాడ్‌క్లిఫ్ స్త్రీల కళాశాలలో చేరెను. సంఘశాస్త్రమును, ఆఫ్రికా విషయములును ఆమె యధ్యయనాంశములు. చదువు ముగిసిన పిదప టాంజానియా దేశమునకు పోయి సేవచేయవలెనని ఆమె సంకల్పము. అచ్చటనే డిక్ వాటర్మన్ అను నాతనితో పరిచయ మయ్యెను. మరుగునబడిన బ్లూసు వృద్ధులను మరల సభలకు తెచ్చి, వారి రాకపోకలను, పారితోషికములను చూచుట అతని వృత్తి. బానీ చదువునకు విరామ మిచ్చి ఫిలడెల్ఫియా నగరమునకు పోయి వారి నడుమ మసలసాగెను. కళాశాల పట్టము పూర్తిగాలేదు గాని, వేరొక విద్యాభ్యాస మప్పుడే ఆరంభమైనది.

ఆ విద్యకు గురువులు మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డోవెల్, సన్ హౌస్ మొదలగువారు. ఫ్రెడ్ మెక్‌డోవెల్ మిసిసిపీ రాష్ట్రమున కోమో గ్రామమందు వ్యవసాయము చేసికొనుచు, శనివారపు రాత్రులలో ఇరుగుపొరుగువారికి వాయించు మనిషి. 1959లో జానపద గేయముల సేకర్త అలన్ లోమాక్స్ అతని పాటలను రికార్డు చేయువరకు ఆ ప్రాంతము వెలుపల నాతని నెరిగినవారు లేరు. ఇరువదేండ్ల బాలిక ఈ వృద్ధుల వెంట ఊరూర తిరిగి, వారు వాయింపగా ఎదుట కూర్చుండి చూచి నేర్చుకొనెను. గురుకులవాసమని మనవారు చెప్పునది ఇంతకంటె వేరుగా నుండునా?

తొలి అడుగులు

1969లో ఆమె 120 డాలర్లకు పాతదైన విద్యుత్ గిటారు నొకదానిని కొనెను. గోధుమవర్ణముగల ఆ వాద్యమునే నేటివరకు సభలలో వాయించుచున్నది. 1970లో న్యూయార్కునందు ఫ్రెడ్ మెక్‌డోవెల్ కచేరికి ముందు ఆమె పాడగా విన్న పత్రికలవారు మెచ్చుకొనిరి. ఆ ప్రశంస గ్రామఫోను కంపెనీల చెవిని బడెను. వార్నర్ బ్రదర్సు సంస్థ ఆమెతో ఒడంబడిక చేసికొనెను.

తొలి రికార్డు 1971లో వెలువడెను. మిన్నెసోటా రాష్ట్రమందు సరస్సు నడిమి ద్వీపమున, వేసవి శిబిరమునకై కట్టిన పాకలలో, పెద్ద యంత్రములు లేకయే వాద్యకారులందరు గూడి యొక్కమారుగా వాయింపగా దానిని పట్టిరి. చికాగో బ్లూసున ఆరితేరిన జూనియర్ వెల్సు అందు నోటివాద్యము వాయించెను. పాటలను రచించి, వరుసకట్టి, తానే పాడువారిని మనము వాగ్గేయకారు లందుము. మాతువును ధాతువును రెండును వారివే. తొలి రికార్డున బానీ స్వయముగా రచించినవి రెండే పాటలు. 1972 నాటి రెండవ దానిలో మూడు. మిగిలినవన్నియు ఇతరులవి. సొంత మాట పలుకుటకు ముందు పెద్దల మాటను కంఠస్థము చేయవలెనను నియమము ఆమెకు తెలిసియున్నట్లు తోచును.

ఆ తొలి రికార్డున సిప్పీ వాలెస్ పాటలు రెండు గలవు. సిప్పీ 1898లో జన్మించి, 1923 మొదలు రికార్డులకు పాడి, ఆ ఫ్యాషను మారిన పిదప డెట్రాయిటు నగరమున ప్రార్థన మందిరమందు ఆర్గను వాయించుచు కాలము గడుపుచుండెను. ఆమె పాటలలో నొకటి స్త్రీలకు హితబోధ: మీ పెనిమిటి గుణములను పొరుగువారియెదుట పొగడకుడు, వినినవారు వానిని మీకు దక్కనీయరు అని దాని సారాంశము. మన నూతి గట్టుకడ ఏ ముదుసలియైనను చెప్పదగిన మాట! బానీ ఆ పాటను పాడి యూరకుండక, ఆ వృద్ధురాలిని వెదకి కనుగొని, 1970వ దశకమున తన సభలకు వెంట గొనిపోయి, వేదికపై ప్రక్కన నిలిపి, ఇద్దరును గూడి పాడిరి. 1970లో పక్షవాతపు దెబ్బ తిన్న సిప్పీకి ఇది రెండవ జన్మమువంటిదయ్యెను. 1982లో బానీ సహాయముతో సిప్పీ పేరనే క్రొత్త రికార్డు వెలువడి, మరుసటి యేడు గ్రామీ బహుమతికి పరిశీలింపబడెను. 1986 నవంబరు 1వ తేదీన, సరిగా తన 88వ జన్మదినమునాడే, సిప్పీ దివంగత యయ్యెను. అప్పటికి ఆమె పాటను రెండు తరములవారు నేర్చియుండిరి.

పడుట, లేచుట

ఇంత చెప్పిన పిదప బానీ వృత్తి పూలబాటగ నడచెనని తలపరాదు. విమర్శకులు మెచ్చిరి గాని జనసామాన్యము అంతగా కొనలేదు. 1977లో ఒక పాట కొంత ప్రచారమునకు వచ్చినను, దాని వెనుక వచ్చినవి నిలువలేదు. 1983లో ఆమె యొక రికార్డును ముగించిన వెంటనే కంపెనీవారు ఆమెను విడిచివేసిరి. ఆ పాటలు మూడేండ్లు బీరువాలో నుండి 1986లో మాత్రము వెలువడెను. పండ్రెండేండ్లు తమకు పాడిన గాయనిపట్ల కంపెనీ తీరు ఇది. ఆమె యింతకాలము పాడిన పాటలలోని అవ్వల గతియే తనకును వచ్చినట్లయ్యెను.

అర్ధరాత్రి వరకు సభలు, దినమున కొక యూరు, ఆ దేశపు అలవాటగు మద్యపానము ఇవన్నియు గూడి ఆమె దేహమును, మనస్సును క్షీణింపజేసెను. 1987లో ఆమె మద్యమును సంపూర్ణముగా మానెను. మానుట యెంత కష్టమో, మానిన పిదప నిలుపుకొనుట యంతకంటె కష్టమని, ఇంట ఒకరు ఆ దురభ్యాసమునకు లోనైన సోదరీమణులు ఎరుగుదురు. ఆమె ఇతరుల తోడ్పాటునుగోరి నిలుపుకొనెను.

1989లో వేరొక కంపెనీ ద్వారా ‘నిక్ ఆఫ్ టైం’ అను రికార్డు వెలువడెను. సకాలమున లభించినదని దాని భావము. ఆ పేరుగల పాటను బానీయే రచించెను. ఈడు మీరిపోవుచున్నదని సంతానమునకై కలత చెందు స్నేహితురాలిని, ముసలితనమున వంగుచున్న తలిదండ్రులను చూచి, గడచిపోవు కాలమునుగూర్చి ఒక స్త్రీ తలపోయుట అందలి విషయము. రాక్ సంగీతమున యౌవనమును, ప్రేమను గూర్చి పాడినవారు లెక్కకు మిక్కిలి. నలువదేండ్ల స్త్రీ మనస్సును గూర్చి పాడినవారు స్వల్పము. 1990 ఫిబ్రవరిలో బానీకి నాలుగు గ్రామీ బహుమతులు వచ్చినవి. మూడు ఆ రికార్డునకు. నాలుగవది జాన్ లీ హుకర్ అను వృద్ధ బ్లూసు విద్వాంసునితో గూడి పాడిన పాటకు. రికార్డు వెలువడిన యేడాది పిదప అది అమెరికా జాబితాలో ప్రథమస్థానమున కెక్కెను. అప్పటికి ఆమె తొలి రికార్డు వెలువడి పందొమ్మిదేండ్లు.

ఋణము దీర్చిన విధము

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇది. రూత్ బ్రౌన్ అను నల్లజాతి గాయని 1949 మొదలు పండ్రెండేండ్లు అట్లాంటిక్ అను గ్రామఫోను కంపెనీకి పాడెను. ఆమె పాటల అమ్మకముతో ఆ సంస్థ స్థిరపడెను. కాని 1960వ దశకము నాటికి ఆమె పరుల యిండ్లలో దాసీపని చేసియు, బడిపిల్లల బస్సు నడిపియు తన పిల్లలను పెంచుకొనవలసివచ్చెను. కంపెనీ లెక్కలలో ఆమె బాకీదారు. ఆమె 1980వ దశకమున న్యాయవాది సహాయముతో పోరాడి, తనకును, తన తోటివారికిని రావలసిన రాయల్టీలను సాధించెను. ఆ పోరాట ఫలముగా 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ వెలసెను. ముసలితనమున వైద్యమునకు, జీవనమునకు దిక్కులేని గాయకులకు ధనసహాయము చేయుట దాని పని. దాని స్థాపకులలో బానీ యొకతె. స్థాపించిన నాటికి ఆమె చేతిలో బహుమతులు లేవు. క్రొత్త కంపెనీతో తొలి రికార్డును ఇంకను వెలువడలేదు. సంపద వచ్చిన పిదప దానము చేయుద మని ఆమె వేచియుండలేదు. 1990లో బానీ బహుమతులందుకొన్న రాత్రియే రూత్ బ్రౌనును ఒక గ్రామీ బహుమతి నందుకొనెను.

సమాధుల సంగతి మరియొకటి. బ్లూసు సామ్రాజ్ఞి యని పేరొందిన బెస్సీ స్మిత్ 1937లో మరణించినప్పుడు ఆమె సమాధిపై పేరుగల రాయి సైతము నిలువలేదు. 1970లో జానిస్ జాప్లిన్ అను యువ రాక్ గాయనియు, మరియొక మహిళయు ద్రవ్య మిచ్చి శిలను నిలిపిరి. ఫ్రెడ్ మెక్‌డోవెల్ 1972లో మరణింపగా అతని సమాధి ఫలకముపై పేరే తప్పుగా చెక్కిరి. 1993లో శిష్యురాలైన బానీ సొమ్ముతో, అతని చిత్తరువుతో గూడిన క్రొత్త శిలను నిలిపిరి. గిటారు వాయించుటలో మగవారికి దీటుగా నిలిచి, ఇంచుమించు 200 పాటలు రికార్డు చేసిన మెంఫిస్ మిన్నీ అను వనిత 1973లో పేదరికమున కన్ను మూసెను. 1996లో ఆమె సమాధికి శిల నిలిపిన వెచ్చమును బానీదే. మిన్నీని బానీ గురువుగా సేవించినది లేదు. అయినను విద్యుత్ గిటారును చేబట్టి వేదిక నెక్కు స్త్రీలందరికి ముందు నడచినది మిన్నీ యని ఆమె యెరుగును.

ఈ వృత్తాంతము చదివినప్పుడు మాకు బెంగుళూరు నాగరత్నమ్మగారు తలపునకు వచ్చిరి. తిరువయ్యారున త్యాగరాజస్వామివారి సమాధి శిథిలమై పడియుండగా, ఆ మహనీయుని తెలుగు కీర్తనలను పాడి గడించిన ధనమును ఆయనకే వెచ్చించి, 1925లో ఆలయము నిలిపిన గాయని యామె. దేశములు వేరు, సంగీతములు వేరు. చేసిన పని యొక్కటియే.

1995లో ఫెండర్ అను గిటారు కంపెనీ బానీ పేరిట ఒక వాద్యమును తయారు చేసెను. ఆ కంపెనీ స్త్రీ పేరిట గిటారు చేయుట అదియే మొదలు. దానివలన తనకు వచ్చు భాగమును ఆమె పేద బాలబాలికలకు గిటారు నేర్పు ఏర్పాటునకు ఒసగెను. వెనుకటివారికి తీర్చవలసిన ఋణమును ముందు తరమువారికి చెల్లించుట కూడ ధర్మమే గదా.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. తెల్లజాతిలో, పేరున్న తండ్రికి జన్మించిన యువతికి తెరచుకొన్న తలుపులు, ఆ పాటలను కూర్చిన నల్లజాతి స్త్రీలకు మూసియుండెను గదా. సమాధిపై రాయి నిలిపినంత మాత్రమున ఆ లెక్క సరిపడునా యని కొందరందురు. సరిపడదనియే మా అభిప్రాయము. పోయినవారి ఆకలిని ఏ శిలయు తీర్పజాలదు. అయినను పూర్తిగా తీర్పలేని ఋణమును అసలే తీర్పకుండుట న్యాయ మగునా? సిప్పీ వాలెస్ బ్రదికియుండగనే ఆమెకు వేదిక దొరకెను. రూత్ బ్రౌను తరమువారికి మందులకు డబ్బు దొరకెను. మనుష్యులు చేయగలిగినది ఇంతయే. అనేకులు ఇంతయు చేయలేదు.

2012 మొదలు బానీ రికార్డులను తన సొంత సంస్థ ద్వారానే వెలువరించుచున్నది. 2022లో ఆమె రచించి పాడిన ‘జస్ట్ లైక్ దట్’ అను గేయమునకు 2023లో ఆ సంవత్సరపు ఉత్తమ గీతరచనకై గ్రామీ బహుమతి లభించెను. చనిపోయిన కుమారుని గుండె నింకొకనికి అమర్పగా, కొన్నాళ్లకు ఆ వ్యక్తి తల్లిని వెదకికొని వచ్చి, తన రొమ్మున చెవిని జేర్చి కుమారుని గుండె చప్పుడు వినుమని కోరుట అందలి కథ. పత్రికలు ప్రచురించిన పోటీదారుల జాబితాలో ఆమెకంటె ఎంతయో చిన్నవారు, జనాదరణ గలవారు నుండిరి. 73 ఏండ్ల ప్రాయమున, ఒంటరిగా వ్రాసిన పాటకు ఆ గౌరవము వచ్చుట ఆమెకే వింతయయ్యెను. రెండు పాటలతో మొదలుపెట్టిన వాగ్గేయకారిణి యాబదేండ్లకు అచ్చటికి చేరెను.

మన యిండ్లలోని మాట

మన ఆడుబిడ్డలలోను పాడుటయే వృత్తిగా గొనవలెనని కోరువారు నేడు పెక్కుమంది గలరు. తల్లులు దానికి భయపడుటయు సహజమే. అట్టి తల్లులకు మేము ఈ చరిత్రమునుండి గ్రహించిన రెండు మూడు మాటలు విన్నవించుచున్నాము. బిడ్డను పోటీలకు త్రిప్పుటకు ముందు జీవించియున్న పెద్దలయొద్ద కొంతకాలము కూర్చుండబెట్టుడు. ఎవరైనను కాగితము తెచ్చి సంతకము చేయుమన్నచో, పాటపై హక్కు ఎవరిది, ప్రతి అమ్మకముపై భాగ మెంత, ఖర్చులు ఎవరి ఖాతాలో వ్రాయుదురు అను మూడు ప్రశ్నలకు జవాబు చదివిన పిదపనే చేయింపుడు. తెలియనిచో తెలిసినవారిచే చదివింపుడు. మొదటి యేట కీర్తి రాలేదని బిడ్డను నిందింపకుడు.

పాడని వారికిని ఒక పని కలదు. మన యిండ్లలో తిరుగలి నిలిచినది, రోకలి మూలబడినది; వాని వెంట పాటలును పోవుచున్నవి. మీ యింట ముదుసలి యొకతె ఇంకను ఆ పాటలను పాడగలిగియున్నచో, ఈ మధ్యాహ్నమే ఒక పుస్తకమున వ్రాసికొనుడు. యంత్రము గలవారు ఆమె కంఠమును పట్టియుంచుడు. పాట చివర ఆమె పేరును, ఊరును, ఎవరియొద్ద నేర్చెనో ఆ వివరమును వ్రాయ మరువకుడు. ఆ పాటను రేపు మీ బిడ్డ వేదికపై పాడినచో, మొదట ఆ పేరును చెప్పి పిదప పాడుమని నేర్పుడు.